ఈ ఫైటు ఎవరు చెబుతున్నారు?

ఫాంటసీ ఆర్పీజీల (ఒక పాత్రగా మారి ఆడే వీడియో గేముల) గురించి మనవాళ్లు మాట్లాడుకునేటప్పుడు మార్కులు రెండు చోట్ల వేస్తారు. కథకి కొన్ని, ఫైట్లకి కొన్ని. "కథ సూపర్, కాంబాట్ బోర్" అని ఒకరంటే, "కథలో ఏముందిలే, ఫైట్లు మాత్రం అదిరిపోయాయి" అని ఇంకొకరు. నెల్లూరులో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు సెలవులకి కందుకూరు వస్తే నా కంప్యూటర్ వాడిదే. కట్‌సీన్ (ఆట ఆగి కథ సినిమాలా నడిచే ఘట్టం) మొదలవగానే స్కిప్ నొక్కేస్తాడు. "మామా, వాళ్లిద్దరూ నిలబడి మాట్లాడుకుంటా ఉంటే నాకేంది? ఫైటు బాగుంటే చాలు గదా" అంటాడు. వాడి రూమ్మేట్‌ది దీనికి పూర్తిగా తలకిందులు. డిఫికల్టీ అడుక్కి దించేసి, ఫైట్లు ఎలాగోలా ముగించుకుని, మాటలన్నీ శ్రద్ధగా చదువుతాడట.

ఇద్దరూ ఒకే విషయం నమ్ముతున్నారు. కథ ఒక గదిలో, పోరాటం పక్క గదిలో ఉంటాయని. నా పేచీ అక్కడే. పోరాటం కూడా కథ చెప్పే ఒక గొంతు. ఎవరో ఒకరు, ఏదో ఒక చోట నిలబడి, ఎవరి పక్షమో వహించి ఆ పోరాటాన్ని మనకి చెబుతుంటారు. కట్‌సీన్‌లో చెప్పే మనిషీ ఫైటులో చెప్పే మనిషీ ఒకరే అయితే ఆ గేమ్ మనసులో ఉండిపోతుంది. ఇద్దరూ వేరైతే ఆడేవాడు నోటి మాటని వదిలేసి చేతికి తెలిసినదాన్నే నమ్ముతాడు.

2011లో బయోవేర్ నుంచి వచ్చిన డ్రాగన్ ఏజ్ 2 తీసుకుందాం. ఆట మొదలవగానే మన హీరో హాక్, తోబుట్టువుతో కలిసి, మీదికొచ్చిన రాక్షస మూకని ఊడ్చిపారేస్తుంటాడు. ఒక్కో వేటుకి గుంపులు గుంపులుగా ఎగిరిపడతారు. అంతలో ఒక గొంతు ఆపుతుంది. ఈ కథంతా వారిక్ అనే డ్వార్ఫ్ చెబుతున్నాడనీ, కాసాండ్రా అనే అధికారిణి అతన్ని కూర్చోబెట్టి విచారిస్తోందనీ అప్పుడు తెలుస్తుంది. కోతలు ఆపి జరిగింది చెప్పమని ఆవిడ గద్దిస్తుంది. ఆట మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడదే హాక్, కుటుంబంతో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊరు విడిచి పరిగెడుతున్నాడు. చేతిలో ఇందాకటి బలం లేదు.

చాలామంది ఆ మొదటి ఫైటుని ట్యుటోరియల్ అనుకుని దాటేస్తారు. నా దృష్టిలో ఆ గేమ్ మొత్తంలో అంతకంటే తెలివైన పని లేదు. వారిక్ కోస్తున్న కోత మాటల్లో లేదు, డ్యామేజ్ నంబర్లలో ఉంది. చెప్పేవాడి అతిశయోక్తి నేరుగా మన వేళ్లలోకి వచ్చేసింది. తర్వాత వారిక్ తన అన్న ఇంట్లోకి ఒంటరిగా చొరబడి అందరినీ మట్టికరిపించే ఘట్టంలోనూ ఇదే ఎత్తు వేశారు. అక్కడా కాసాండ్రా నమ్మదు. ఇంత మంచి ఉపాయం చేతిలో పెట్టుకుని మిగతా గేమ్ అంతా దాన్ని పక్కన పెట్టేశారన్నదే నా బాధ. ఇంటి కప్పుల మీద నుంచి దఫాలు దఫాలుగా దూకే శత్రువులు, పదే పదే అవే గుహలు. ఆ ఫైట్లని వారిక్ చెబుతున్నట్టు అనిపించదు. ఎవరూ చెబుతున్నట్టు అనిపించదు.

యుద్ధాన్ని ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినడం మనకి కొత్త కాదు. కురుక్షేత్రం మనకి ఎలా అందింది? సంజయుడు చెబుతుంటే ధృతరాష్ట్రుడు వింటాడు. చెప్పేవాడికి వ్యాసుడిచ్చిన దివ్యదృష్టి ఉంది, వినేవాడికి కళ్లు లేవు, పైగా చచ్చిపోతున్నవాళ్లు వినేవాడి కొడుకులు. పదో రోజున సంజయుడు వచ్చి ముందు భీష్ముడు పడిపోయాడని చెప్పేస్తాడు. ఎలా పడ్డాడన్నది ఆ తర్వాత. ఫలితం ముందే తెలిసిపోయాక ప్రతి బాణమూ వేరే బరువుతో వినిపిస్తుంది. గెలుస్తాడా అన్న టెన్షన్ పోయి, ఎక్కడ తప్పింది, ఎవరు ఆపగలిగి ఉండేవాళ్లు అన్న వేదన వస్తుంది. ఆ యుద్ధ పర్వాలన్నిటినీ తెలుగులోకి తెచ్చింది మన నెల్లూరు తిక్కనే. 13వ శతాబ్దంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. యుద్ధం చెప్పడంలో అంత సరుకు మన పెరట్లో ఉండగా, ఫైటంటే బటన్ల సంగతి, కథంటే మాటల సంగతి అని మనం అనుకోకూడదు.

ఇక కెమెరా సంగతి. కెమెరా ఎక్కడ పెట్టారన్నది చూడ్డానికి సాంకేతిక విషయంలా ఉంటుంది గానీ, ఆ గేమ్ ఎలాంటి కథ చెప్పగలదో సగం అక్కడే తేలిపోతుంది. 1981 నాటి విజార్డ్రీలో చీకటి సొరంగాల్లో మన కంటికి కనిపించేదే తెర మీద ఉంటుంది. 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌లో ఊళ్లూ అడవులూ పై నుంచి కనిపిస్తాయి. ఫైటు రాగానే శత్రువు తెర మధ్య నిలబడి నేరుగా మన వైపే చూస్తాడు. హీరో కనపడడు, ఎందుకంటే హీరో మనమే. మరుసటి ఏడు ఫైనల్ ఫాంటసీ వచ్చింది. అందులో శత్రువులు ఎడమ పక్క, మన నలుగురూ కుడి పక్క. తోలుబొమ్మలాటలో తెర మీద రెండు బొమ్మలు ఎదురెదురుగా నిలబడితే ఇవతల నుంచి మనం చూస్తామే, అలాగ. ఇక్కడ మనం హీరోలం కాదు. వాళ్లు వేరే మనుషులు, మనం వాళ్ల బాగోగులు చూసుకునేవాళ్లం.

ఈ చిన్న తేడా వల్ల రెండు సిరీస్‌లూ రెండు దారులు పట్టాయని నేను నమ్ముతాను. వేరే మనుషులు అన్నాక వాళ్లకి పేర్లు, కోపాలు, చావులు ఉండొచ్చు. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6లో ఆడదగ్గ క్యారెక్టర్లు 14 మంది. జూదగాడు సెట్జర్ చేతిలో కత్తికి బదులు తిరిగే స్లాట్ చక్రాలుంటాయి. ఏది పడుతుందో మన చేతిలో లేదు. సేబిన్ మల్లయోధుడు, అతని పట్లు రావాలంటే మనం బటన్లని వరసగా, పొల్లుపోకుండా నొక్కాలి. సయాన్ పాతకాలపు యోధుడు, అతని దెబ్బ కావాలంటే మీటర్ నిండేదాకా ఓపిక పట్టాలి. ఒక్క డైలాగు చదవకపోయినా ముగ్గురి స్వభావాలు చేతికి తెలిసిపోతాయి. అందుకే ఆ గేమ్ ముందుకి సాగేకొద్దీ దాదాపు అందరికీ అన్ని మంత్రాలూ నేర్పించే వీలు ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందరూ ఒకే మంత్రం వేసి గెలిచే స్థితికి వచ్చాక ఆ గొంతులన్నీ ఒకటైపోతాయి.

1997లో ఫైనల్ ఫాంటసీ ఏడో భాగంలో ఏరిత్ అనే పాత్ర చనిపోయినప్పుడు ప్రపంచమంతా ఆటగాళ్లు ఎందుకు అంత కదిలిపోయారు? సంగీతం, దృశ్యం సరే. దాని కంటే ముఖ్యం, ఫైట్లలో మన పార్టీకి దెబ్బలు మాన్పేందుకే పుట్టినట్టున్న మనిషి ఇక లేదు. ఇన్ని గంటలు మనం పెంచిన లెవెల్స్, నేర్పిన శక్తులు ఆమెతో పోయాయి. ఆ తర్వాత ఏ ఫైటులోనూ ఆమె లేదు. కథ చెప్పిన చావుని పోరాటం కూడా ఒప్పుకుంది. మిగతా ఫైట్లలో చనిపోయినవాళ్లని ఒక్క వస్తువుతో లేపేస్తాం కదా, ఇక్కడెందుకు కుదరదని చాలామంది అడిగారు, ఇప్పటికీ అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. రెండు గొంతులూ ఎక్కడ అతుక్కోలేదో సరిగ్గా అక్కడే వేలు పెట్టిన ప్రశ్న.

కన్ను ఒకటి చెప్పి లెక్క ఇంకొకటి చెబితే ఏమవుతుందో 2002లో మారోవిండ్ చూపించింది. మన కళ్లతోనే ప్రపంచాన్ని చూస్తాం. కత్తి తిప్పుతాం. అది ఎదుటి జంతువు ఒంట్లోంచి వెళ్తున్నట్టే కనిపిస్తుంది. దెబ్బ మాత్రం తగలదు, ఎందుకంటే లోపల ఎక్కడో పాచిక తప్పింది. పాచికల లెక్క చెడ్డదేమీ కాదు. పై నుంచి చూసే గేమ్‌లో అదే లెక్కని ఎవరూ తప్పు పట్టరు. 2023లో వచ్చిన బల్దుర్స్ గేట్ 3లో దెబ్బ తగిలే అవకాశం ఎంత శాతమో ముందే కనిపిస్తుంది, మాటల్లో పరీక్ష వచ్చినప్పుడు 20 ముఖాల పాచిక తెర మీదే దొర్లుతుంది. ఓడిపోయినా మోసపోయినట్టు ఉండదు. ఆ గేమ్‌లో నాకు చాలా ఇష్టమైన నియమం ఒకటుంది. శవాలతో మాట్లాడే మంత్రం ఉంటుంది, కానీ మనం చంపినవాడి శవం మనతో మాట్లాడదు. వేషం మార్చుకుని వెళ్తే తప్ప. ఎవరు చంపారన్నది ఆట మరచిపోలేదన్నమాట.

డార్క్ సోల్స్ దగ్గర కాసేపు ఆగాలి. 2011లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ చేసింది, డైరెక్టర్ హిదెతాకా మియాజాకి. కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అంతా అయిపోయిన లోకంలోకి మనం ఆలస్యంగా వచ్చాం. దొరికిన ఉంగరం మీద రెండు ముక్కలు, కత్తి మీద రెండు ముక్కలు చదువుకుని జరిగిందేమిటో మనమే అల్లుకోవాలి. పోరాటం కూడా అలాంటిదే. కత్తి ఎత్తితే స్టామినా తగ్గుతుంది, పొర్లితే తగ్గుతుంది, డాలు మీద దెబ్బ కాస్తే తగ్గుతుంది. ఆయాసపడే మనిషి ఒంట్లో ఉన్నాం.

అందులో సిఫ్ అనే పెద్ద బూడిదరంగు తోడేలు ఉంది. తన యజమాని ఆర్టోరియస్ సమాధికి కాపలా. నోట్లో పెద్ద ఖడ్గం కరుచుకుని పోరాడుతుంది. అది కాపాడుతున్న ఉంగరం లేకుండా మనం ముందుకి పోలేం, కాబట్టి చంపక తప్పదు. మొదట్లో మామూలు బాస్ (పెద్ద శత్రువు) ఫైటే. ఖడ్గం సుడులు తిరుగుతుంటే తప్పించుకుంటూ పక్కల్లో పొడుస్తుంటాం. దాని ప్రాణం అడుగంటాక కుంటడం మొదలెడుతుంది. కాలు ఈడ్చుకుంటూ వస్తుంది. ఖడ్గం విసరబోయి తానే పడిపోతుంది. లేచి మళ్లీ వస్తుంది. ఆ క్షణంలో ఫైటు చాలా సులువైపోతుంది, మరి ఆ సులువే భరించలేనిది. ఏ పాత్రా వచ్చి పాపం అనదు. కెమెరా దగ్గరికి పోదు. అటాక్ బటన్ మీద మన వేలు, ఎదురుగా పారిపోని జంతువు, అంతే. 2012లో వచ్చిన అదనపు భాగంలో గతంలోకి వెళ్లి పిల్ల సిఫ్‌ని కాపాడవచ్చు. ఆ పని చేశాక ఈ సమాధి దగ్గరికి వస్తే, సిఫ్ మనల్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టి కూడా, ఏడుపులాంటి ఊళ వేసి, ఖడ్గం అందుకుంటుంది. మా మేనల్లుడు కట్‌సీన్లు చూడడని చెప్పానుగా. సిఫ్ దగ్గర మాత్రం కంట్రోలర్ పక్కన పెట్టి, "ఇది తప్పు మామా" అన్నాడు. "అబ్బయ్యా, కథ చూడనంటివే, మరి ఇదేంది?" అన్నాను. వాడు చూసింది కథే. ఫైటులో చెప్పారు కాబట్టి స్కిప్ చెయ్యలేకపోయాడు.

శత్రువు వైపు నుంచి చెప్పడంలో నేను చూసినవాటిలో గట్టిది 2010 నాటి నియర్. మొదటిసారి ఆడినప్పుడు నీడల్లాంటి ప్రాణులు అరుస్తూ మీదికొస్తాయి, మనం నరుకుతాం. రెండోసారి ఆడితే ఆ అరుపులు మాటలవుతాయి. పాత ఇనుప సామాన్ల గుట్టల్లో ఒక భారీ రోబో, దాని మీద ఒక చిన్న నీడ. మొదటిసారి అది ఒట్టి బాస్. రెండోసారి తెలుస్తుంది, ఆ నీడ ఒక చిన్నపిల్లవాడు, రోబో వాడి నేస్తం, ఇద్దరూ బయటి ప్రపంచం చూడాలనుకున్నారు. ఫైటులో ఒక్క బటన్ మారలేదు, ఒక్క అంకె మారలేదు. చెప్పేవాళ్లు మారారు. 2015లో అండర్‌టేల్ ఇంకో అడుగు వేసింది. ప్రతి శత్రువునీ చంపకుండా వదిలే దారి ఇచ్చి, మనం ఆశగా పోగేసుకున్న ఎక్స్‌పీ (శత్రువుల్ని చంపితే వచ్చే పాయింట్లు) అసలు దేనికి కొలతో చివర్లో చెప్పింది. మనం పెంచుకున్నది హింస లెక్క.

ఒకే యుద్ధాన్ని రెండు వైపుల నుంచి చెప్పుకోవడంలో మన ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉంది. కాటమరాజు కథ కనిగిరి, పామూరు వైపు తెలియనివాళ్లు తక్కువ. కరువులో ఆవుల మందలు తోలుకొచ్చిన కాటమరాజుకీ, నెల్లూరునేలిన సిద్ధిరాజుకీ పుల్లరి (పశువుల మేతకి కట్టే పన్ను) దగ్గర తగాదా ముదిరి ఎర్రగడ్డపాటి పోరు అయింది. ఈ కథ పాడే కొమ్మువాళ్లు పాడితే అది పశువుల కోసం ప్రాణాలొడ్డిన గొల్లల కథ. నెల్లూరు రాజు అందులో ఎదుటివాడు. అదే యుద్ధం నెల్లూరు వైపు చాటువుల్లో ఖడ్గ తిక్కన కథ. కవి తిక్కనకి దాయాది, సిద్ధిరాజు దగ్గర సేనాని. ఇక్కడ కాటమరాజు సైన్యం ఎదుటివాళ్లు. నేల ఒకటే, కత్తులవే, కథలు రెండు. ఏ గేమ్ స్టూడియో అయినా ఇంత మంచి ముడిసరుకు కోసం వెతుక్కోవాలి.

ఖడ్గ తిక్కన కథలో యుద్ధం కంటే, యుద్ధం నుంచి తిరిగొచ్చాక జరిగిందే మనకి గుర్తుంది. వెనక్కి తగ్గి ఇంటికొచ్చాడు. స్నానానికి పోతే భార్య నీళ్ల దగ్గర మంచం అడ్డం పెట్టి, ఆడవాళ్లకి పెట్టినట్టు పసుపు ముద్ద పెట్టింది. అన్నానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసింది. మళ్లీ యుద్ధానికి పోయి చనిపోయాడు. ఆడదానితో పోల్చడమే అవమానం అనుకున్న ఆ కాలపు విలువలతో నాకు అంగీకారం లేదు. కానీ ఆ కథ కట్టినవాళ్లకి తెలిసిన ఒక సంగతి మన ఆర్పీజీలు చేసేవాళ్లకి ఇంకా అందలేదు. పారిపోవడం కూడా పోరాటంలో భాగమే, దానికీ ఒక తర్వాత ఉంటుంది.

గేముల్లో పారిపోవడం ఒక మెనూ ఆప్షన్. నొక్కితే దుమ్ము లేపి బయటపడతాం, మరుక్షణం ఎవరికీ గుర్తుండదు. ఊరికి తిరిగొస్తే కొట్టువాడు అదే నవ్వుతో అమ్ముతాడు. ఓడిపోవడం ఇంకా ఘోరం. సేవ్ చేసిన చోటికి వెళ్లిపోతాం, ఓటమి జరగనే జరగలేదు. వింతేమిటంటే పాతవాళ్లే ఇక్కడ నయం. మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో చచ్చిపోతే రాజుగారి ముందు కళ్లు తెరుస్తాం, సంచిలో బంగారం సగం పోయి ఉంటుంది, ఆయన చేత మాట పడాలి. ఓటమి కథలోనే జరిగింది. 1999లో ప్లేన్‌స్కేప్: టార్మెంట్ చావు లేని మనిషిని హీరోగా పెట్టి, ప్రతి చావునీ కథలోకే లాక్కుంది. 2016 నాటి డార్కెస్ట్ డంజన్‌లో పని మధ్యలో వదిలి వెనక్కి వస్తే మనవాళ్ల మనసు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గెలుపుని ఎన్ని రకాలుగా అలంకరించాలో తెలిసిన ఈ పరిశ్రమ, వెనుదిరగడాన్ని ఒక ఖాళీగా వదిలేసింది.

ఇదంతా విని మా వాడు వేసే ప్రశ్న ఒకటే. "ఇంత బరువు పెడితే ఆట ఎవరాడతారు మామా? సరదా ఉండొద్దా?" ఉండాలి. సిఫ్ ఫైటు మొదటి భాగం బ్రహ్మాండమైన సరదా. ఆ సరదా వల్లే రెండో భాగం గుండెకి తగులుతుంది. పోరాటమే తీసేసి కథ చెబుదామనేవాళ్లతోనూ నేను కలవను. 2019 నాటి డిస్కో ఎలీసియమ్‌లో ఫైట్ల వ్యవస్థ లేదని గొప్పగా చెబుతారు. కానీ అందులో మనిషికి మిగిలిపోయే ఘట్టం ఏది? తుపాకులు పేలే ఆ ఒక్క ఘర్షణే. అన్ని గంటల మాటల తర్వాత ఒక్కసారి హింస వస్తే, ఇన్నాళ్లూ మనం ఎవరితో ఎలా మెలిగామో అదంతా అక్కడ తేలుతుంది.

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో గేమ్ ఇంజన్లు నేర్చుకుంటున్న పిల్లల ప్రాజెక్టులు అప్పుడప్పుడూ మా వాడు చూపిస్తుంటాడు. చేతిపని బాగుంటుంది. కానీ కోటలు యూరప్‌వి, డ్రాగన్లు అక్కడివే, ఫైటు మొదలెట్టేది హెల్త్ బార్ (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత) తోటి. పుణేలో నాడింగ్ హెడ్స్ వాళ్లు 2020లో రాజీ అనే గేమ్ చేసి, దుర్గ, విష్ణువు కలిసి కథ చెబుతున్నట్టు పెట్టారు. మంచి ఆలోచన. ఆ ఇద్దరి చూపులో తేడా ఫైట్లలోకి కూడా వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. దుర్గ చెప్పే పోరాటం విష్ణువు చెప్పే పోరాటంలా ఉండదు కదా.

నేనైతే ఎర్రగడ్డపాడు చేయమంటాను. ముందు గొల్లల వైపు ఆడించాలి. అక్కడ గెలుపంటే ఎంతమందిని నరికామన్నది కాదు, మందలో ఎన్ని ఆవులు మిగిలాయన్నది. కెమెరా పై నుంచి, దూరంగా, పాట పాడేవాడి చూపుతో. చనిపోయిన ప్రతివాడి పేరూ పాటలోకి చేరాలి. తర్వాత నెల్లూరు వైపు. ఇక్కడ కెమెరా ఖడ్గ తిక్కన భుజం మీదికి దిగాలి, అతను చూడగలిగినంతే మనకీ కనపడాలి. ఫైటు గెలవడానికి వీల్లేనంత కష్టంగా ఉండాలి, మెనూలో వెనక్కి మళ్లే దారి తెరిచి ఉండాలి. మళ్లితే, తర్వాతి ఘట్టం ఇల్లు. పసుపు ముద్ద, విరిగిన పాలు, ఏ బటన్ నొక్కినా జవాబివ్వలేని ఆ భోజనం. రెండోసారి యుద్ధానికి పోయినప్పుడు మెనూలో ఆ దారి ఉండదు.

ఒక్క చోట మాత్రం మా ఇద్దరికీ వాదన తెగలేదు. ఆటగాడు తిరిగి యుద్ధానికి పోను, ఇంట్లోనే ఉంటానంటే ఆట ఒప్పుకోవాలా? చరిత్ర అలా లేదు, ఒప్పుకోకూడదని మా వాడు. ఒప్పుకోవాలని నేను. ఒప్పుకుని, అక్కడి నుంచి మళ్లీ గొల్లల వైపుకి తీసుకుపోవాలి. సేనాని రాని నెల్లూరు సైన్యంతో ఆ ఫైటు మనచేతే ఆడించాలి. ఈసారి అది తేలిగ్గా గెలిచే ఫైటవుతుంది. కొమ్మువాడి పాటలో ఖడ్గ తిక్కన పేరు రావాల్సిన చోట వేరే మామూలు సైనికుడి పేరు వస్తుంది.